చెవమ్మ విన్న కూనిరాగం

మా పిన్ని ఉద్యోగం ఏమిటో చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. ఊరికి మంచినీళ్ళిచ్చే ఆఫీసులో ఆమె పని వినడం. రోడ్డు కింద పాతిన పైపు ఎక్కడ పగిలిందో, నీళ్ళు ఎక్కడ కారిపోతున్నాయో పైనుంచి చెవితో కనిపెట్టాలి. అందుకు ఆమె దగ్గర ఒక కర్ర ఉంది. నున్నటి చెక్క, నడుం దాకా వచ్చే పొడవు, పై కొనకు చిన్న గిన్నెలాంటి బుడిపె. కింది కొనను రోడ్డు మీదో పైపు మూత మీదో ఆనించి, బుడిపెకు చెవి పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. లోపల ఎక్కడో సన్నగా సుయ్యిమంటే అక్కడ సుద్దముక్కతో గీత గీస్తుంది. తవ్వేవాళ్ళు వచ్చి ఆ గీత దగ్గర తవ్వుతారు. ఆఫీసులో ఆమెను అందరూ చెవమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది కూడా.

ఇప్పుడు చెవులకు తగిలించుకునే మిషన్లు వచ్చాయి. పిన్ని వాటినీ వాడుతుంది, కానీ ఆఖరి మాట కర్రదే అంటుంది. ఆమె వింటుంటే వ్యాను డ్రైవరు ఇంజను ఆపి, చెప్పులు విప్పి, వీధి చివరికి పోయి నిలబడతాడు. "మీ పిన్ని చెవి పెట్టిందంటే మేం తుమ్ము కూడా మింగెయ్యాలమ్మా" అన్నాడు ఒకసారి నాతో.

అంత చెవి ఉన్న మనిషి ఇంట్లో నా మాట ఒక్కటీ చెవికెక్కించుకోదు. నాది కళ్ళద్దాల కొట్టులో పని. కళ్ళు నావి, చెవులు ఆమెవి, మొండితనం మాత్రం ఇద్దరిదీ.

మా అమ్మ ఆమెకు అక్క. నాన్న నా చిన్నప్పుడే వేరే ఇల్లు చూసుకున్నాడు. అమ్మ నేను బళ్ళో ఉన్న రోజుల్లోనే రొమ్ములో గడ్డ వచ్చి చనిపోయింది. అప్పటి నుంచి నన్ను పిన్నే పెంచింది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "ఇంట్లో ఒక గయ్యాళి చాలదా?" అంటుంది. గయ్యాళి అంటే నేనే.

అమ్మకు ఏ పని చేస్తున్నా కూనిరాగం తీసే అలవాటు ఉండేది. పాట కాదు, మాటలుండవు, పెదవులు విడిపడవు. కొంచెం పైకి వెళ్ళి, ఒకచోట తడబడి, మళ్ళీ మొదటికొచ్చేది. తడబాటు ఎప్పుడూ అక్కడే. అమ్మ పోయిన తర్వాత కూడా నేను పక్క మీద కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు అప్పుడప్పుడు వంటింటి వైపు నుంచి ఆ రాగం వినబడేది. లేచి వెళ్తే ఆగిపోయేది. అక్కడ పిన్ని ఒక్కతే మూతి బిగించుకుని గిన్నెలు తుడుస్తూ ఉండేది. నాకు ఒళ్ళు జలదరించేది. అమ్మ ఇంట్లోనే తిరుగుతోందని నాలో నేను అనుకున్నాను తప్ప ఎవరితోనూ అనలేదు. పెద్దయ్యాక చిన్నతనపు భ్రమ అని సర్దిచెప్పుకున్నాను.

ఒకరోజు కొట్టుకని బయల్దేరి, తాళంచెవులు మరిచిపోయి సగం దారిలో వెనక్కి వచ్చాను. పిన్నికి ఆ రోజు సెలవు. వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. జాకెట్టు గుండీలు విప్పి ఉన్నాయి. ఇళ్ళలో గోడల వెనక పైపులు వినడానికి ఆమె సంచిలో ఇంకో పొట్టి కర్ర ఉంటుంది, జానెడుకు కాస్త పైన. దాని ఒక కొన ఎడమ రొమ్ము మీద, రెండో కొన చెవి దగ్గర. మెడ వంచి, కళ్ళు మూసుకుని వింటోంది.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు నోట్లోనే ఉండగా ఆమె వేలెత్తి ఆగమంది.

"అక్క," అంది.

"ఏ అక్క?"

"నాకెంతమంది అక్కలున్నారే? మీ అమ్మ. ఇందులో ఉంది. కూనిరాగం తీస్తోంది."

తాళంచెవుల కోసం వచ్చానన్న సంగతే మర్చిపోయాను. చిన్నప్పుడు పక్క మీద పట్టుకున్న వణుకు ఉన్నపళంగా మళ్ళీ పట్టుకుంది. ఆమె అప్పుడు చెప్పింది, అక్కడ గడ్డ ఉందనీ, చాన్నాళ్ళుగా ఉందనీ, ఈ మధ్య నొప్పి కూడా పెడుతోందనీ.

"చాన్నాళ్ళుగా ఉంటే నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? డాక్టరు దగ్గరికి లాక్కెళ్తావు. వాళ్ళు చెప్పేది నాకు తెలుసు. రావాల్సిన మనిషి వచ్చింది, అంతే."

ఆ 'అంతే' వింటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారమంతా ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. అరిచాను, అలిగాను, తిండి మానేస్తానన్నాను. అన్నీ పెడచెవిన పెట్టింది. ఆఖరికి అలసిపోయి, కోపం కూడా మిగలక, ఉన్న మాట అన్నాను.

"అమ్మకి వచ్చింది. ఇప్పుడు నీకు వచ్చిందంటున్నావు. రేపు నాకూ రావచ్చు. నువ్వు చూపించుకుంటే నేనూ చూపించుకుంటాను. నువ్వు వెళ్ళకపోతే నేనూ వెళ్ళను. ఇద్దరం ఇక్కడే కూర్చుని కర్ర పెట్టుకుని విందాం."

మర్నాడు నా కంటే ముందే తయారై గుమ్మంలో నిలబడింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు చేత్తో తడిమి చూసింది. తర్వాత రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి మామోగ్రామ్ తీశారు. అందులో గడ్డ తెల్లగా కనబడింది గానీ లోపల ఉన్నది నీరో, కండో తెలియలేదు. అది తేల్చడానికి ఇంకో రోజు అల్ట్రాసౌండ్ చేయాలన్నారు. ఆ రోజు పౌడరు, క్రీము ఏమీ రాసుకోకూడదనీ, పైబట్ట విడిగా తీసెయ్యడానికి వీలుగా వేసుకుని రమ్మనీ, కడుపు మాడ్చుకోనక్కర్లేదనీ చెప్పారు. పిన్ని మాత్రం ఆ పొద్దున టీ కూడా తాగలేదు. సంచిలో పొట్టి కర్ర పెట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు.

గది చిన్నది, దీపం తగ్గించి ఉంది. గోడవారగా మంచం, దాని పక్కన టీవీలాంటి తెర ఉన్న మిషను, ఒక స్టూలు. మిషను దగ్గర నా ఈడు టెక్నీషియన్ అమ్మాయి ఉంది. పిన్నికి ముందువైపు తెరుచుకునే గౌను ఇచ్చి, మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టింది. ఎడమ భుజం కింద చిన్న దిండు దోపి, ఎడమ చెయ్యి తల మీదికి ఎత్తి పెట్టుకోమంది. నేను పక్కన ఉండొచ్చా అంటే, స్టూలు నా వైపు జరిపింది.

"భయపడకండమ్మా. సూదులుండవు, కిరణాలుండవు. ఈ జెల్ రాసి, దీంతో అటూ ఇటూ జరుపుతాను. గడ్డ ఉన్న దగ్గర కాస్త గట్టిగా నొక్కుతాను. నొప్పి పుడితే చెప్పండి. పావుగంటో, కొంచెం ఎక్కువో పడుతుంది."

జెల్ ముందే వెచ్చబెట్టి ఉంచింది. అయినా పిన్ని ఉలిక్కిపడింది. ఆ అమ్మాయి చేతిలోది సబ్బుబిళ్ళ కంటే కొంచెం పెద్దది, తీగ తోకతో. దాన్ని రొమ్ము మీద ఆనించగానే తెర మీద బూడిదరంగు చారలు కదిలాయి.

"దీంట్లోంచి ఏం వస్తుంది?" పిన్ని అడిగింది.

"శబ్దమేనమ్మా."

పిన్ని కళ్ళు పూర్తిగా తెరిచింది. "నాకేం వినబడట్లేదే."

"మన చెవికి అందదు. లోపలికి వెళ్ళి, తగిలిన చోట తగిలి వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని బట్టి మిషను బొమ్మ గీస్తుంది."

పిన్ని ముఖం చిన్నబోయింది. ఆమెకు వినబడని శబ్దం ఒకటి ఉందని ఇన్నేళ్ళలో ఆమె ముఖం మీద ఎవరూ చెప్పి ఉండరు.

ఆ అమ్మాయి చెయ్యి గుండ్రంగా తిరుగుతూ గడ్డ దగ్గరికి వచ్చింది. చారల మధ్య ఒక నల్లటి మచ్చ తేలింది. అది తప్ప తెరంతా ఏదో ఒక బూడిదరంగు. అది మాత్రం నూతిలోకి తొంగిచూసినట్టు నలుపు. అమ్మాయి బొమ్మను ఆపింది, ఈ అంచు నుంచి ఆ అంచుకు చుక్కల గీత గీసి కొలిచింది, మళ్ళీ జరిపింది, మళ్ళీ ఆపింది. చంక కిందా చూసింది, రెండో వైపూ చూసింది. మాటలు తగ్గిపోయాయి.

"ఏం కనబడింది?" అన్నాను.

"డాక్టరుగారు వచ్చి ఒకసారి చూస్తారండి. అందరికీ అలాగే చూస్తారు. నేను చెప్పకూడదు."

ఆమె బయటికి వెళ్ళింది. నల్లమచ్చ తెర మీద అలాగే ఆగి ఉంది. అందరికీ అలాగేనని ఆమె చెప్పిన ముక్క నా చెవి దాకా వచ్చి ఆగిపోయింది. నలుపు అంటే ఏమిటో నాకు తెలియదు. తెలియనందువల్ల నాకు దానిలో అమ్మ చివరి రోజుల గది కనబడింది.

పిన్ని తెర వైపు చూడటం లేదు. పైకప్పు చూస్తూ మాట్లాడింది.

"నేను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఈ పొట్టి కర్ర ఇంటికి తెచ్చుకున్నాను. మీ అమ్మకి అదో ఆటబొమ్మ. ఒకరోజు స్నానం చేసొచ్చి, 'ఇక్కడేదో గట్టిగా ఉందే, నీ కర్ర పెట్టి చూడు, ఏమైనా లీకవుతోందేమో' అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వుతూనే పెట్టాను. కానీ నిజంగానే విన్నాను. 'ఏం వినబడట్లేదు, ఏం లేదు పో' అన్నాను. అక్కకి నొప్పి కూడా లేదు. ఇంక అందరితోనూ 'మా చెల్లి విని చెప్పింది, ఏం లేదట' అని చెప్పుకుని తిరిగింది. ఎవరైనా డాక్టరు మాటెత్తితే నా పేరు చెప్పేది. తీరా చూపించుకునేసరికి చంకలోకి పాకింది."

పిన్ని పైకప్పు మీంచి చూపు తిప్పలేదు.

"పైపుల్లో కూడా అంతే. అది తర్వాత నేర్చుకున్నాను. చిన్న పగులే అరుస్తుంది. పెద్దది, చుట్టూ నీళ్ళు నిండిపోయినది నోరెత్తదు. చప్పుడు లేదంటే ఏం లేదనుకునేది కొత్తవాళ్ళే. అప్పుడు నేను కొత్తదాన్ని."

మొదట నాకు వచ్చింది కోపమే. దాచిపెట్టడం నాకు చేతకాదు. ఒక వేళాకోళం వల్ల అమ్మ లేకుండా పెరిగానా అనిపించింది. లేచి బయటికి పోదామని స్టూలు వెనక్కి నెట్టాను కూడా. అప్పుడు ఆమె వైపు చూశాను. దించమని ఎవరూ చెప్పలేదని చెయ్యి ఇంకా తల మీదే పెట్టుకుని ఉంది. ఒంటి మీద జెల్ ఆరిపోతోంది. ఇన్నేళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకునే నా జడ వేసి, నా బట్టలు ఉతికి, నా జ్వరాలకు మేలుకుంది. నేను ఆ చేతిని పట్టుకుని కిందికి దించాను. మొద్దుబారి, బరువుగా ఉంది.

డాక్టరమ్మ వచ్చింది. మళ్ళీ జెల్, మళ్ళీ చెయ్యి పైకి. నల్లమచ్చ మీద రెండుసార్లు జరిపి చూసి, తెరను మా వైపు తిప్పింది.

"ఇదమ్మా మీ గడ్డ. నీటి తిత్తి. పూర్తిగా నల్లగా ఉంది, అంచు నున్నగా ఉంది, వెనక వైపు తెల్లగా వెలుగుతోంది. నీళ్ళయితే శబ్దం అడ్డు లేకుండా పోతుంది, అందుకే అలా. ఇది కాన్సర్ కాదు. నొప్పి మరీ ఎక్కువైతే సూదితో తీసేద్దాం, లేదంటే వదిలెయ్యొచ్చు."

"నీళ్ళా?" అంది పిన్ని.

"నీళ్ళే."

"నా బతుకంతా ఇంతే," అని నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. సంచిలోంచి కర్ర తీసి ఇమ్మని నాకు సైగ చేసింది. దాన్ని డాక్టరమ్మకు చూపించి అడిగింది. "దీంతో వింటే గడ్డ మంచిదో చెడ్డదో తెలుస్తుందా? చెవి బాగా పనిచేసేవాళ్ళకి?"

డాక్టరమ్మ నవ్వలేదు. కర్రను చేతిలోకి తీసుకుని చూసి తిరిగిచ్చింది. "గడ్డలు చప్పుడు చెయ్యవమ్మా. మంచివీ చెయ్యవు, చెడ్డవీ చెయ్యవు. ఎంతటి చెవికీ వినబడవు. నొప్పి ఉందా లేదా అన్నదాన్ని బట్టి కూడా చెప్పలేం. చూడాల్సిందే." తర్వాత నా వైపు తిరిగింది. "మీ అమ్మగారికి వచ్చిందన్నారు కదా. మరి నువ్వు చూపించుకున్నావా?"

అప్పటిదాకా గయ్యాళిగా పేరున్న నేను నీళ్ళు నమిలాను.

ఇంటికొచ్చిన రోజు పిన్ని రెండు పూటల తిండి ఒక పూటే తినేసింది. ఇంతటితో పీడ విరగడైందని నేను అనుకున్నాను. రెండో రోజు పొద్దున వంటింట్లోకి వెళ్తే మళ్ళీ స్టూలు, మళ్ళీ కర్ర. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంకా ఉంది," అంది.

"పిన్నీ, గడ్డలు చప్పుడు చెయ్యవని చెప్పారుగా."

"అందుకే. ఇది గడ్డ కాదు, అక్కే. నాది నీళ్ళని తేలిపోయింది. మరి ఇంకా ఎందుకు పోలేదు? నా కోసం కాకపోతే మరి..."

నా వైపు చూసి మాట మింగేసింది. ఆ మింగిన మాట నన్ను వదల్లేదు. కొట్టులో ఎవరికో కళ్ళజోడు పెట్టి అద్దం చూపిస్తుంటే అద్దంలో వాళ్ళ వెనక నా ముఖం కనబడేది, చూపు తిప్పుకునేదాన్ని. అమ్మ పోయిన వయసుకు నేను దగ్గరికి వచ్చానని అప్పటిదాకా లెక్క వేసుకోలేదు. పిన్ని డ్యూటీకి వెళ్ళిన ఒక పూట, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆమె ఇంట్లో వదిలేసిన ఆ కర్ర తీసి నేనూ పెట్టుకున్నాను. గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. కుడివైపు అసలేమీ లేదు. అమ్మకు పెట్టి విన్నప్పుడు పిన్నికీ ఏమీ వినబడలేదు. కర్ర పక్కన పడేసి, ఆస్పత్రికి ఫోను చేసి నా పరీక్షకు రోజు అడిగాను.

నా పరీక్ష రోజు అదే గది, అదే అమ్మాయి. మంచం మీద ఈసారి నేను, స్టూలు మీద పిన్ని, నా తలకు ఆనుకుని. డాక్టరమ్మ తనే చూస్తానంది. చెయ్యి ఎత్తి పెట్టుకున్నాను. జెల్ వెచ్చగానే ఉన్నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. తెర మీద నా లోపలి చారలు కదులుతుంటే, ప్రతి ముదురు నీడా నల్లమచ్చగా మారబోతున్నట్టే ఉంది. డాక్టరమ్మ ఒకచోట ఆగింది. నొక్కింది. కొలిచింది. మళ్ళీ అక్కడికే వచ్చింది.

అప్పుడు వినబడింది.

సన్నగా, నా తల పక్కనుంచి. కొంచెం పైకి వెళ్ళింది, తడబడింది, మొదటికొచ్చింది. నా ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచాయి. అమ్మ నా కోసమే వచ్చింది, పిన్ని మింగిన మాట ఇదే, అనుకున్నాను. కదలొద్దన్నారు కాబట్టి కళ్ళు మాత్రమే తిప్పాను. పిన్ని మూతి బిగించుకుని తెర వైపు చూస్తోంది. రెప్ప వేయడం లేదు. ఆమె గొంతు కదులుతోంది.

పక్క మీద పడుకుని విన్న రాగం, వంటింట్లో గిన్నెలు తుడుస్తున్న ఆమె బిగించిన మూతి, ఒంటికి ఆనించిన కర్ర, దాని రెండో కొన ఆమె చెవిలో. రోడ్డు మీద ఊపిరి బిగబట్టి వింటుంది గనుక అక్కడ పైపులే వినబడేవి. ఇంట్లో ఎవరికోసం బిగబట్టాలి? తన ఛాతీలో తనే తీస్తున్న రాగాన్ని తన కర్ర తన చెవికే మోసుకొచ్చింది. ఇంత చెవమ్మకూ తన గొంతు మాత్రం ఎన్నడూ వినబడలేదు.

డాక్టరమ్మ చెయ్యి తీసింది. "ఏమీ లేదు. ఆగి చూసింది మామూలు కణజాలమే. రెండు వైపులా బాగుంది. మీ ఇంట్లో ఉంది కాబట్టి ఏటా వచ్చి చూపించుకో, మర్చిపోకు."

నేను కళ్ళు మూసుకున్నాను. పిన్నికి మాత్రం నమ్మకం కుదరలేదు.

"ఇంకోసారి చూడండి డాక్టరుగారూ. మా అక్క ఊరికే రాదు."

టెక్నీషియన్ అమ్మాయికి ఆ మాట అర్థం కాలేదు. ధైర్యం చెప్పబోయింది. "ఎందుకమ్మా భయం? ఇంతసేపూ హాయిగా కూనిరాగం తీసుకుంటూ కూర్చున్నారు కదా. మీరు తీస్తుంటే మీ అమ్మాయి వణుకు కూడా తగ్గింది."

"ఎవరు, నేనా? నాకసలు పాటలే రావు."

"నువ్వే పిన్నీ," అన్నాను. "అమ్మ రాగం. ఆ తడబాటుతో సహా. చిన్నప్పట్నుంచీ నేను విన్నదీ నిన్నే."

ఆమె కాదనబోయి ఆగింది. చెయ్యి మెల్లగా పైకి పోయి గొంతు మీద ఆగింది. చెక్కకు చెవి పెట్టినప్పటిలాగే మెడ వంచింది. గొంతు తనకు తెలియకుండానే మళ్ళీ కదిలింది. వేళ్ళకు అది తగిలినట్టుంది. ఒక్కసారిగా రాగం తెగిపోయింది.

"అయితే ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్నది అక్క కాదా?" అంది.

కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"అయితే అక్క పోయిందన్నమాట," అంది పిన్ని, ఆ వార్త అప్పుడే ఎవరో తెచ్చి చెప్పినట్టు. అమ్మ పోయిన రోజున కూడా ఏడవని మనిషి అక్కడ స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. టెక్నీషియన్ అమ్మాయి నా ఒంటి మీద జెల్ తుడవడానికి తీసిన కాగితం రుమాలు తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టింది.